ముందు తలుపు, తర్వాతే మోటారు: హైదరాబాద్ ఇళ్లకు గ్యారేజీ తలుపుల సమగ్ర మార్గదర్శి

గ్యారేజీ తలుపు కొనడానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దుకాణంలో అడుగుపెడుతూనే మోటారు గురించి అడుగుతారు. ఏ కంపెనీది, ఎన్ని కిలోలు లాగుతుంది, ఫోనుతో తెరుచుకుంటుందా లేదా. తలుపు ఎంత బరువు, దాన్ని పట్టుకునే గోడ ఎలాంటిది, పైన దూలం ఎక్కడుంది అనే ప్రశ్నలు మాత్రం రావు. రేపు చెడిపోతే తిట్లు పడేదీ మోటారుకే. కానీ తూకం కుదిరిన తలుపు మోటారు లేకుండా ఒంటిచేత్తో లేస్తుంది. బరువును మోసేవి స్ప్రింగులు. అవి మోస్తున్నదాన్ని పైకీ కిందికీ నడపడం వరకే మోటారు వంతు. చేత్తో కదలని తలుపుకు ఎంత పెద్ద మోటారు తగిలించినా అది మూన్నాళ్ల ముచ్చటే. అందుకే ఇక్కడ ఎంపిక, నిర్వహణ, మరమ్మతు మూడూ అదే వరసలో చెబుతున్నాను.

కొలతలు: టేపు పట్టుకుని మొదలుపెట్టండి

కొలవాల్సినవి ఐదు: ద్వారం వెడల్పు, ద్వారం ఎత్తు, ద్వారం పైఅంచు నుంచి స్లాబు లేదా దూలం దాకా ఉన్న ఖాళీ, రెండు పక్కలా మిగిలిన గోడ, లోపలికి లోతు. వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని రాసుకోండి. ప్లాస్టరింగు చేసిన పిల్లరు పైనుంచి కిందిదాకా ఒకే గీతలో ఉండటం మన ఇళ్లలో అరుదు.

ఇన్నోవా క్రిస్టా వెడల్పు 1,830 మిల్లీమీటర్లు, అంటే ఆరడుగులు. పక్క అద్దాలు కలిపితే ఇంకాస్త. ఎనిమిదడుగుల ద్వారంలో అది పడుతుంది, ఎదురుగా తిన్నగా వస్తే! మన ఇరవై, ముప్పై అడుగుల వీధుల్లో కారు తిన్నగా ఎప్పుడొస్తుంది? ఎదురింటి వాళ్ల బండి పక్కనుంచి మలుపు తిప్పుకుంటూ దూరాలి. కాబట్టి తొమ్మిదడుగులు పెట్టండి, వీధి ఇరుకైతే పది. ఎత్తు ఏడడుగులు చాలు. కారు మీద క్యారియర్ బిగించే అలవాటుంటే ఏడున్నర.

అసలు చిక్కు పైన ఖాళీ దగ్గర వస్తుంది. ఎనిమిదడుగుల ఇనుప షట్టరు పూర్తిగా చుట్టుకుంటే ఆ చుట్ట మందం అడుగుంపావు నుంచి అడుగున్నర దాకా ఉంటుంది. స్టిల్టులో, అంటే ఇంటి కింద పిల్లర్ల మీద వదిలిన పార్కింగు అంతస్తులో, దూలం కిందికి దిగి ఉన్నచోట షట్టరును దూలం కింద బిగిస్తే ద్వారం ఎత్తులో అంత మేర పోయినట్లే. దూలానికి వెనక, లోపలివైపు బిగిస్తే ఎత్తు మిగులుతుంది. వెల్డింగు మనిషి వచ్చిన రోజున కాకుండా ఆర్డరు ఇచ్చే ముందే ఇది తేల్చుకోవాలి. పలకలుగా మడిచి పైకప్పు కిందికి జరిగే సెక్షనల్ తలుపుకైతే పైన అడుగు, అడుగుంపావు ఖాళీ, లోపలికి తలుపు ఎత్తు కన్నా మరో రెండడుగులు ఎక్కువ లోతు కావాలి. ఆ దారిలో ఫ్యానూ ట్యూబులైటూ ఉంటే ముందే జరిపించండి.

ఇంకో మాట. తలుపు రెక్క రోడ్డు మీదికి తెరుచుకోకూడదు, ర్యాంపు మీ హద్దు దాటకూడదు. ఆక్రమణల తొలగింపులో ముందుగా పగిలేది ర్యాంపే. దాంతోపాటు గేటు జరగడానికి నేలలో వేసిన ఇనుప పట్టా కూడా పోతుంది. స్టిల్టును పార్కింగుకు తప్ప మరి దేనికీ వాడకూడదన్న నిబంధన ఉంది కాబట్టి షట్టరు వేసి దాన్ని గోదాముగా మార్చే ఆలోచన మానుకోండి.

ఏ రకం తలుపు?

రోలింగ్ షట్టరు చవక, దొంగలకు గట్టి, మరమ్మతుకు మనిషి ప్రతి బస్తీలో దొరుకుతాడు. శబ్దం ఎక్కువ, అందం తక్కువ. పడకగది సరిగ్గా దాని పైనే ఉంటే రాత్రి పదకొండుకు కారు తెచ్చిన ప్రతిసారీ ఇల్లంతా లేస్తుంది. షట్టరు పట్టీల రేకు గేజిని, అంటే మందం కొలతను, బిల్లు మీద రాయించండి. పద్దెనిమిది గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, ఇరవై రెండు గేజి అంటే 0.7 చిల్లర. అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. ఇది తెలియక 'ఇరవై రెండు గేజి సార్, గట్టిది' అంటే నమ్మేవాళ్లున్నారు. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న పద్దెనిమిది గేజి ఇనుప షట్టరు దాదాపు వంద కిలోలు తూగుతుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో పది చదరపు మీటర్లు దాటిన షట్టర్లకు గొలుసు, గేరు ఏర్పాటును విడిగా చూపిస్తారు. రెండు కార్లకు కలిపి పదహారడుగుల షట్టరు వేస్తే మీరు ఆ హద్దు దాటినట్లే. దాన్ని స్ప్రింగుల మీదే వదిలి చేత్తో లాగే పద్ధతిలో వేయించకండి.

సెక్షనల్ తలుపు ఖరీదైనది. నిశ్శబ్దంగా నడుస్తుంది, పలకల లోపల ఫోమ్ నింపి ఉంటుంది కాబట్టి పడమటి ముఖం ఇంట్లో మే నెల ఎండకు లోపల కాస్త ఉపశమనం. కొల్లూరు, తెల్లాపూర్ వైపు విల్లాల్లో ఇవే ఎక్కువ. దీని ప్రాణం తలుపు పైన అడ్డంగా ఉండే, మెలితిప్పి బిగించే టార్షన్ స్ప్రింగులో ఉంది. సాధారణ స్ప్రింగును పదివేల సార్లు తెరిచి మూయడానికి తయారుచేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్లకు కాస్త ముందే ఆ లెక్క తీరిపోతుంది. ఇంట్లో రెండు కార్లుండి పిల్లలు సైకిళ్లకు కూడా అదే తలుపు తీస్తుంటే ఇరవై అయిదువేల సార్ల స్ప్రింగు అడగండి. అదనపు ఖర్చు చిన్నదే.

పాత కాలనీల్లో గ్యారేజీకి విడిగా తలుపుండదు, ప్రహరీ గేటే తలుపు. పక్కకు జరిగే గేటుకు దాని పొడవంత గోడ ఖాళీగా కావాలి. ఆ గోడ వెంట కరెంటు మీటర్లు, సంపు మూత, తులసికోట ఏవైనా ఉంటే లెక్కలోకి తీసుకోండి. రెండు రెక్కల గేటు లోపలికి తెరుచుకోవాలి కదా, లోపల నేల ఎగువకు వాలి ఉంటే రెక్క మధ్యలోనే నేలను తాకుతుంది. అలాంటిచోట జరిగే గేటే శరణ్యం.

జరిగే గేటు విషయంలో ఒక్కదాని దగ్గర రాజీపడకండి. పట్టా రెండు చివరలా కాంక్రీటులో పాతిన గట్టి ఇనుప అడ్డు ఉండాలి. గేటు పైన ఇరువైపులా పట్టుకునే రోలర్లు ఉండాలి. గేటును చివర ఆపే మోటారు పరిమితి స్విచ్చు ఏదో ఒకరోజు పనిచేయదు. ఆ రోజు గేటును పట్టా మీదే ఆపేది ఆ ఇనుప ముక్క ఒక్కటే. గేటు పట్టా తప్పి పిల్లల మీద పడిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

మోటారు

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం. షట్టరుకు మూడు రకాలు. చుట్ట పైపు మధ్యలో కూర్చునే సెంట్రల్ మోటారు స్ప్రింగులున్న మామూలు షట్టరుకు సరిపోతుంది. పక్కన బ్రాకెట్ మీద బిగించి గొలుసుతో తిప్పే సైడ్ మోటారు పెద్ద, బరువైన వాటికి. పైపు లోపలే దూరే ట్యూబులర్ మోటారు తేలికైన అల్యూమినియం షట్టర్లకు మాత్రమే. ఇది సాధారణంగా ఏకబిగిన నాలుగు నిమిషాలకు మించి నడవదు, వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. బిగించిన రోజున పిల్లలు రిమోట్ పట్టుకుని ఆడితే గంటలోపే 'మోటారు పోయింది' అని ఫోను చేసేది ఇందుకే. అరగంట వదిలేస్తే మళ్లీ కదులుతుంది.

సెక్షనల్ తలుపుకు గొలుసుది, బెల్టుది అని రెండు దొరుకుతాయి. పైన పడకగది ఉంటే బెల్టు. పైకప్పుకు బిగించే చోటు లేకపోతే తలుపు పక్కన గోడకు బిగించే రకం ఉంది.

జరిగే గేటుకు మోటారు ఎంచేటప్పుడు గేటు బరువును వెల్డింగు షాపులో అడిగి, దానికి ఒకటిన్నర రెట్లు లాగగల మోటారు తీసుకోండి. నాలుగు వందల కిలోల గేటుకు ఆరు వందల కిలోలది. అంతకు మించి పోనక్కరలేదు. అవసరానికి మించిన బలం అడ్డొచ్చిన మనిషినీ నెట్టేస్తుంది.

అందుకే భద్రతా ఏర్పాట్లను ఐచ్ఛికం అనుకోకండి. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ మోటార్లకు అడ్డు కనిపిస్తే వెనక్కి మళ్లించే కిరణ సెన్సారో, అంచుకు తాకితే అలాగే మళ్లించే పట్టీయో తప్పనిసరి. ఐరోపా ప్రమాణం మూసుకునే అంచు తగిలే బలానికి 400 న్యూటన్ల పరిమితి పెట్టింది. ఇక్కడ మన ఇంటికొచ్చి తనిఖీ చేసేవాళ్లు లేరు, అడగాల్సింది మనమే. కొటేషన్‌లో 'సెన్సారు అదనం' అని ఉంటే ఆ ధర కలిపే బేరమాడండి. గ్యారేజీ తలుపుకు సెన్సారు నేల నుంచి ఆరంగుళాల లోపు ఉండాలి. గేటుకు మామూలుగా అడుగున్నర ఎత్తున పెడతారు. ఇంట్లో పాకే పిల్లలో కుక్కపిల్లో ఉంటే కింద ఇంకో జత పెట్టించండి.

రిమోట్లలో ప్రతిసారీ ఒకే సంకేతం పంపేవి చవక, వాటిని నకలు చేయడమూ అంతే సులువు. నొక్కిన ప్రతిసారీ సంకేతం మారే రోలింగ్ కోడ్ రిమోట్ తీసుకోండి. కారును సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు తాళాల గుత్తి నుంచి దాన్ని తీసేయండి. ఒకటి పోతే మిగతావాటితో సరిపెట్టుకోకుండా మెమరీ మొత్తం చెరిపించి, ఉన్నవాటిని మళ్లీ నమోదు చేయించండి.

కరెంటు, వర్షం, బల్లులు

ఏప్రిల్, మే నెలల గాలిదుమారానికి కరెంటు పోవడం మనకు కొత్త కాదు. 24 వోల్టుల డీసీ మోటారైతే బ్యాటరీ జతతో కొన్నిసార్లు తెరుచుకుంటుంది. ఏసీ మోటారును ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్ రకమై ఉండాలి, చదరపు తరంగం మీద మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. ఏదున్నా లేకున్నా చేత్తో తెరిచే పద్ధతి ఇంట్లో ప్రతి ఒక్కరికీ వచ్చి ఉండాలి: సెక్షనల్‌కు ఎర్రతాడు, సెంట్రల్ మోటారుకు బ్రేకు వదిలే తీగ, సైడ్ మోటారుకు చేతిగొలుసు, గేటు మోటారుకు తాళంచెవి. ఆ తాళంచెవి బీరువాలో కాదు, చేతికందే కొక్కేనికి ఉండాలి. గ్యారేజీలోకి వెళ్లడానికి వేరే దారి లేకపోతే బయటినుంచి మోటారును తలుపు నుంచి విడదీసే తాళం కూడా పెట్టించండి.

లైనుకు విడిగా ఎంసీబీ (లోపం వస్తే కరెంటు తెంచే స్విచ్చు), సరైన ఎర్తింగు, పిడుగుల కాలానికి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. కంట్రోల్ బోర్డు ఖరీదుతో పోలిస్తే వీటి ఖర్చు లెక్కలోకి రాదు. 2020 అక్టోబరు వర్షాలకు సెల్లార్లు ఎలా నిండాయో చూశాం. పల్లపు ప్రాంతంలో ఇల్లుంటే గేటు మోటారును అడుగెత్తు దిమ్మె మీద కూర్చోబెట్టండి, గ్యారేజీ గుమ్మం ముందు అడ్డంగా కాలువ తీసి జాలీ వేయించండి.

ఇక బల్లులు. కంట్రోల్ పెట్టెలోకి వైర్లు దూరే రంధ్రం చాలు, రాత్రివేళ వెచ్చదనానికి లోపలికి చేరతాయి. బోర్డు మీద బల్లి అడ్డంగా పడి కాలిపోవడం మెకానిక్కులు తరచూ చూసే దృశ్యమే. చీమలు రిలేల చుట్టూ మట్టి పెడతాయి. బిగించే రోజునే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్లాండు వేయించి, మిగిలిన సందును సిలికాన్‌తో పూడ్పించండి.

నెలనెలా చేయాల్సింది

మొదట మోటారును విడదీసి తలుపును చేత్తో సగం దాకా ఎత్తి వదలండి. అక్కడే నిలబడితే తూకం బాగుంది. కిందికి జారితే స్ప్రింగులు నీరసించాయి, పైకి ఎగిరితే బిగుతు ఎక్కువైంది. స్ప్రింగులున్న షట్టరుకూ ఇదే పరీక్ష, కాకపోతే అది ఒకటి రెండు అంగుళాలు జారితే కంగారు వద్దు. జరిగే గేటు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక చేత్తో, ఎక్కడా పట్టకుండా వెళ్లాలి. ఈ పరీక్ష నెగ్గని తలుపుకు తర్వాతి పనులేవీ చేసి లాభం లేదు.

తర్వాత మోటారు కలిపి, మూసుకుంటున్నప్పుడు సెన్సారు ముందు చీపురు అడ్డం పెట్టండి. వెంటనే వెనక్కి వెళ్లాలి. సెక్షనల్ తలుపు కింద ఒకటిన్నర అంగుళం మందం చెక్కను నేలమీద పరిచి మూయండి. తాకిన రెండు సెకన్లలోపు తిరిగి లేవాలి. లేవకపోతే బాగుపడేదాకా రిమోట్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి.

శుభ్రత విషయంలో మన అలవాట్లే తలుపుకు పరీక్ష. రోజూ బకెట్టుతో వాకిలి కడుగుతాం, ఆ నీళ్లు షట్టరు చివరి పట్టీలో నిలుస్తాయి. తుప్పు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఆ పట్టీకి కింద చిన్న రంధ్రాలు వేయించి, ఏడాదికోసారి జింక్ ప్రైమరు, రంగు వేయండి. ముగ్గుపిండి, ముఖ్యంగా రాతిపిండి, గేటు పట్టా గాడిలో చేరి నీళ్లతో గట్టిపడుతుంది, చక్రం దానిమీద ఎక్కి దిగుతుంది. పట్టా దగ్గర ముగ్గు రెండు జానలు దూరంగా పెట్టుకుంటే పోయేదేమీ లేదు. దసరాకు గేటుకు కట్టిన బంతిపూల దండ గాలికి ఊగి సెన్సారు కిరణానికి అడ్డు తగిలితే గేటు మూసుకోదు. పండగపూట 'మోటారు పనిచేయడం లేదు' అని వచ్చే ఫోన్లలో కొన్ని ఈ దండల పుణ్యమే. ఆయుధపూజ రోజున బొట్టు మోటారు పెట్టెకు పెట్టండి, సెన్సారు అద్దానికి మాత్రం వద్దు.

నూనె విషయంలో ఒక చెడ్డ ఆచారం ఉంది. షట్టరు గైడ్లలో వాడేసిన ఇంజినాయిలు పోస్తారు. రెండు రోజులు సుఖంగా నడుస్తుంది, తర్వాత దుమ్ము పట్టి నల్లటి ముద్దవుతుంది. నగరంలో పక్కన ఎప్పుడూ ఏదో ఒక భవనం కడుతూనే ఉంటారు కాబట్టి దుమ్ముకు కొదవ లేదు. గైడ్లనూ సెక్షనల్ పట్టాలనూ పొడిగుడ్డతో తుడవండి. షట్టరు గైడ్లకు సిలికాన్ స్ప్రే పలచగా కొట్టండి. సెక్షనల్ కీళ్లకు, స్ప్రింగుకు, రోలరు బేరింగులకు తెల్ల లిథియం గ్రీజు లేదా సిలికాన్. నైలాన్ చక్రాల ఒంటికి, బెల్టుకు ఏదీ వద్దు. డబ్ల్యూడీ-40 స్ప్రే పట్టేసిన బోల్టును వదిలించడానికి మంచిది, రోజువారీ కందెనగా పనికిరాదు. జరిగే గేటుకు పళ్ల పట్టీకి, మోటారు చక్రానికి మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. వర్షాకాలం తర్వాత నేల కుంగితే ఆ సందు పోయి గేటు బరువంతా మోటారు మీద పడుతుంది. అక్టోబరులో ఒకసారి తప్పకుండా చూడండి.

చెడితే ఎక్కడ వెతకాలి

రిమోట్‌కు స్పందన లేకపోతే గోడ స్విచ్చు నొక్కండి. అది పనిచేస్తే తప్పు రిమోట్‌దే, ముందు బ్యాటరీ మార్చండి. రెండూ పనిచేయకపోతే ఎంసీబీ చూడండి, అది బాగుంటే మోటారు వేడెక్కిందేమో అరగంట ఆగండి.

మోటారు గుర్రుమంటూ తలుపు కదలకపోతే తక్షణం కరెంటు ఆపి, తాళాలు చూడండి. షట్టరుకు నేలతాళం వేసి ఉండగా రిమోట్ నొక్కడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. పైన చుట్ట తిరుగుతుంది, కింద పట్టీ రాదు, మధ్యలో పట్టీలు అప్పడాల్లా వంకర్లు పోతాయి. మోటారు పెట్టాక నేలతాళాలు తీసేయండి, లేదా తాళం పడి ఉంటే కరెంటు అందకుండా చేసే స్విచ్చు పెట్టించండి. తాళాలు లేకపోతే విడదీసి చేత్తో కదపండి. సులువుగా కదిలితే ఏసీ మోటారులో కెపాసిటరు పోయి ఉంటుంది. ఇది చిన్న మరమ్మతు. అదే విలువదాన్ని ఎలక్ట్రీషియన్ చేత మార్పించండి, కరెంటు ఆపినా అందులో చార్జి మిగిలి ఉంటుంది కాబట్టి వేళ్లు పెట్టవద్దు. కదలకపోతే లోపం తలుపులో ఉంది, మోటారు జోలికి పోకండి.

సగం దిగి మళ్లీ పైకి వెళ్లిపోతుంటే సెన్సారు అద్దం తుడవండి, సాలెగూడు చూడండి. సాయంత్రం వేళల్లోనే ఇలా అవుతుంటే వాలుతున్న ఎండ నేరుగా కిరణం అందుకునే భాగంలోకి పడుతోందని అర్థం. పంపేదాన్నీ అందుకునేదాన్నీ అటూ ఇటూ మార్పిస్తే సరిపోతుంది. సెన్సారు బాగుంటే పట్టాలో ఎక్కడో బిగుసుకుంటోంది. ఇక్కడే చాలామంది మెకానిక్కులు కంట్రోల్ బోర్డులో బలం పెంచి 'అయిపోయింది సార్' అని వెళ్లిపోతారు. ఒప్పుకోకండి. బలం పెంచితే తలుపు మూసుకుంటుంది కానీ మధ్యలో మనిషి ఉన్నా ఆగదు.

షట్టరు ఒకవైపు వాలుతూ లేస్తుంటే పట్టీల చివరి క్లిప్పులు ఊడి పట్టీలు పక్కకు జరిగి ఉంటాయి. వెంటనే సరిచేయిస్తే నాలుగు క్లిప్పులతో పోతుంది. నెలలు వదిలేస్తే గైడు తెగి, గోరుతో పోయేది గొడ్డలిదాకా వస్తుంది. గేటు చక్రాలు, బేరింగులు మీరే కొనాలనుకుంటే పాత చక్రాన్ని వెంట తీసుకుని రాణీగంజ్ వెళ్లండి, గాడి ఆకారం కుదిరేది చూసి ఇస్తారు. స్విచ్చులకు, కేబుళ్లకు ట్రూప్ బజార్ ఉంది.

తుపాకీ పేలినట్లు శబ్దం వచ్చి సెక్షనల్ తలుపు ఒక్కసారిగా బరువెక్కితే టార్షన్ స్ప్రింగు తెగింది. పైకి చూస్తే చుట్టల మధ్య రెండంగుళాల సందు కనిపిస్తుంది. రిమోట్ నొక్కవద్దు, తలుపు ఎత్తే ప్రయత్నం చేయవద్దు, కారు లోపల చిక్కుకుపోయినా సరే క్యాబ్ పిలుచుకోండి. స్ప్రింగు బిగించడం, వదలడం ఇంట్లో చేసే పని కాదు. సరైన కడ్డీలు లేకుండా స్క్రూడ్రైవరుతో తిప్పబోయి చేతులు విరగ్గొట్టుకుంటారు. తెగిన తీగతాడుకు, షట్టరు స్ప్రింగు డబ్బాలకు కూడా ఇదే వర్తిస్తుంది. మెకానిక్ వచ్చాక రెండు స్ప్రింగులూ ఒకేసారి మార్పించండి. రెండూ ఒకే వయసువి, రెండోది ఎన్నాళ్లో ఆగదు. పని ముగిశాక డబ్బు ఇచ్చే ముందు మోటారు విడదీయమని చెప్పి, తలుపును సగం దాకా మీ చేత్తో ఎత్తి వదిలి చూడండి.